డిజిటల్ పటాలు, ప్రజా నిర్ణయాలు: తిరుపతి, చిత్తూరు జిల్లాలు

డిజిటల్ పటంలో ప్రతి గీత వెనకా ఒక పట్టిక ఉంటుంది. తెర మీద ఒక చెరువును తాకితే దాని సర్వే నంబరు, విస్తీర్ణం, ఆయకట్టు, కిందటేడు నీళ్లు ఏ మట్టానికి వచ్చాయన్న లెక్క బయటికి వస్తాయి. చెరువులు ఒక పొర, వాగులు ఒక పొర, రోడ్లు ఒక పొర, ఇళ్లు ఇంకో పొర. అక్షాంశ రేఖాంశాల ఆధారంగా ఈ పొరలను ఒకదాని మీద ఒకటి పరిచి, విడివిడిగా చూస్తే తెలియని సంగతిని రాబట్టే ఏర్పాటును భౌగోళిక సమాచార వ్యవస్థ అంటారు, పొట్టిగా జీఐఎస్. ఎక్కడ బోరు వేయనివ్వాలి, వాన ముదిరితే ఏ ఊరిని ఖాళీ చేయించాలి, ఎవరి పొలం హద్దు ఎక్కడ, ఏనుగులు ఏ దారిన దిగుతున్నాయి వంటి ప్రశ్నలు వచ్చినప్పుడు ప్రభుత్వ కార్యాలయాలు ఇప్పుడు ముందుగా తెరిచేది ఈ పటాలనే. దక్షిణ రాయలసీమలోని తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఆ పని ఎలా సాగుతోందో, ఎక్కడ తడబడుతోందో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

పటాల విషయంలో ఈ ప్రాంతానికి ఉన్న వసతి మరో చోట అరుదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్విభజించినప్పుడు సూళ్లూరుపేటతో పాటు శ్రీహరికోట కూడా తిరుపతి జిల్లాలోకి వచ్చింది. 2005 మే 5న అక్కడి నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మోసుకెళ్లిన కార్టోశాట్-1 ఉపగ్రహం రెండున్నర మీటర్ల స్పష్టతతో, ఒకే చోటును రెండు కోణాల్లో ఫొటో తీసి, దేశమంతటి ఎత్తుపల్లాలను లెక్కగట్టడానికి పనికొచ్చింది. 2009 ఆగస్టులో ఇస్రో జనం ముందుంచిన భువన్ పటాల్లో ఆ కొలతలు ఉన్నాయి. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాయుమండల పరిశోధనశాల ఉంది. అక్కడ 1,024 యాంటెన్నాల రాడార్ పైగాలుల వేగాన్ని, దిశను కొలుస్తుంది. ఏర్పేడు వైపు ఐఐటీ తిరుపతిలో స్థాన నిర్ణయ పరిజ్ఞానాల కోసమే కేంద్ర ప్రభుత్వం ఒక ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. ఇన్ని ఉండి కూడా 2021 నవంబరు వానల్లో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట కారడం మొదలైనప్పుడు అందరి నోటా ఒకటే ప్రశ్న: తెగితే నీళ్లు ఎందాకా పోతాయి?

కాగితం మీది పటాలు

1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ ఆధార రేఖను కొలవడం మొదలుపెట్టాడు. దేశమంతటినీ త్రిభుజాలుగా కొలిచిన మహా త్రికోణమితి సర్వేకు అదే మొదలు. అయితే ఆ సర్వే చూసింది కొండ శిఖరాలను. రైతు పొలాన్ని కొలిచింది గొలుసు. గంటర్ గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు, వంద సెంట్లు ఒక ఎకరం. పొలాన్ని ఇవాళ్టికీ సెంట్ల లెక్కన కొంటున్నామంటే ఆ గొలుసును మనం ఇంకా వదల్లేదన్నమాట. ఆ కొలతలతో గీసిన ఒక్కో సర్వే నంబరు బొమ్మల పుస్తకమే ఎఫ్‌ఎంబీ. దానికి తోడు సాగు వివరాలు రాసే అడంగల్, ఊరి మొత్తం పటం. వీటి మధ్య ఉన్న ఖాళీని కరణం జ్ఞాపకం పూడ్చేది. ఏ వంక ఎప్పుడు దారి మార్చుకుంది, ఏ గట్టు మీది చింతమాను ఎవరి తాత నాటింది, ఆయనకు తెలుసు. ఆ జ్ఞాపకాన్ని ఆయన ఎవరి పక్షాన వాడాడన్నది వేరే కథ. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాక కాగితం మిగిలింది, దాన్ని చదివి చెప్పే మనిషి పోయాడు.

లెక్కలను పటం మీద పెట్టి ఈ ప్రాంతంలో తీసుకున్న అతి పెద్ద నిర్ణయం కంప్యూటర్లు రాకముందే జరిగింది. 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు నుంచి, కడప నుంచి తాలూకాలు తెచ్చి చిత్తూరు జిల్లాను కూర్చారు. తెలుగు, తమిళం కలగలిసిన సీమ ఇది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక తిరుత్తణి ఎవరిదన్న వివాదం రేగింది. మధ్యవర్తిగా వచ్చిన హెచ్.వి. పటాస్కర్ పెట్టుకున్న సూత్రాలు మూడు: ఊరిని ప్రమాణంగా తీసుకోవాలి, ఊళ్లో ఎక్కువమంది మాట్లాడే భాషను చూడాలి, ఆ ఊరు తనది కాబోయే రాష్ట్రానికి ఆనుకుని ఉండాలి. 1959 నాటి చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు వైపు ఊళ్లు చిత్తూరు జిల్లాలోకి వచ్చాయి. జనగణనలోని మాతృభాష లెక్కను తాలూకా పేరున వేస్తే ఒక జవాబు వస్తుంది, ఊరి పేరున వేస్తే ఇంకో జవాబు. చుట్టూ తమిళ ఊళ్లున్న తెలుగు ఊరు మూడో సూత్రం దగ్గర ఓడిపోతుంది. లెక్క ఒక్కటే అయినా విభాగం మారితే పటం మారిపోవడాన్ని ఇప్పటి జీఐఎస్ పాఠ్యపుస్తకాలు ఒక పెద్ద సమస్యగా చెబుతాయి. మనవాళ్లకు అది పుస్తకంలో ఎదురైంది కాదు, సరిహద్దు మీద అనుభవించింది.

గట్టు తగాదా, రీసర్వే

డిజిటల్ పటం సామాన్యుడి ఇంటి గడప తొక్కింది భూమి వల్లనే. 2015లో వచ్చిన మీభూమి పోర్టల్‌తో అడంగల్, 1-బి (హక్కుల రికార్డు) తెర మీదికి వచ్చాయి. 2020 డిసెంబరు 21న కృష్ణా జిల్లా తక్కెళ్లపాడులో నాటి ప్రభుత్వం భూముల సమగ్ర రీసర్వేను మొదలుపెట్టింది. బ్రిటిషు వాళ్ల సర్వే తర్వాత రాష్ట్రమంతటా ఇంత పెద్ద ఎత్తున గట్లు కొలవడం అదే మొదలు.

పద్ధతి ఇది. సర్వే ఆఫ్ ఇండియా డ్రోన్లు ఊరి మీద ఎగిరి ఫొటోలు తీస్తాయి. ఆ ఫొటోల వంకర సరిచేసి, కొలవడానికి వీలైన ఒకే చిత్రంగా కుడతారు. తర్వాత గ్రామ సర్వేయర్ రోవర్ అనే కర్ర పట్టుకుని రైతుతో కలిసి గట్టు మీద నడుస్తాడు. రోవర్‌కు ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతంలో కొన్ని మీటర్ల తేడా ఉంటుంది. రాష్ట్రంలో అక్కడక్కడా పాతిన కోర్స్ కేంద్రాలు, తాము కచ్చితంగా ఎక్కడున్నాయో తెలుసు కాబట్టి, ఆ తేడా ఎంతో ఎప్పటికప్పుడు లెక్కగట్టి రోవర్‌కు పంపుతాయి. దాంతో తేడా కొన్ని సెంటీమీటర్లకు తగ్గుతుంది. పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వస్తుంది.

యంత్రం సెంటీమీటర్లలో చెబుతుంది. మనిషి చింతమానుతో చెబుతాడు. "ఆ మాను దాకా మాదే సార్, మా నాయన కాలం నుంచీ దున్నుకుంటా ఉండాం" అని రైతు అంటే రోవర్ ఏమీ చేయలేదు. అది ఎక్కడ నిలబెట్టారో చెబుతుందే గానీ, ఎక్కడ నిలబెట్టాలో చెప్పదు. పక్క పొలం మనిషి ఆ రోజు బెంగళూరులో కూలి పనికి పోయి ఉంటే గట్టు మీద నిలబడినవాడి మాటే పటం ఎక్కుతుంది. చిత్తూరు జిల్లాకు ఇంకో చిక్కు ఉంది, మామిడి తోపులు. పైనుంచి తీసిన ఫొటోలో చెట్ల తలలు కనిపిస్తాయి, కింద గట్టు కనిపించదు. గుబురు కొమ్మల కింద రోవర్‌కు ఉపగ్రహ సంకేతం కూడా సరిగా అందదు. ఎడారి లాంటి బయలు నేలలో గంటలో తేలే కొలత, తోపులో పూటంతా తీసుకుంటుంది. లక్ష్యాలు పెట్టుకుని తొందరపడే పనిలో పూటను గంటగా మార్చే ఒత్తిడి ఎలాగూ ఉంటుంది.

2024 నాటికి రాష్ట్రంలో ఆరు వేలకు పైగా ఊళ్లలో రీసర్వే పూర్తయింది. అర్జీలు కూడా అంతే జోరుగా వచ్చాయి. పాత రికార్డులో ఉన్న విస్తీర్ణం కొత్త పటంలో తగ్గిందని కొందరు, అన్నదమ్ముల భాగాలను విడగొట్టకుండా ఒకే ఉమ్మడి ఎల్‌పీఎం ఇచ్చారని ఇంకొందరు. ఉమ్మడి నంబరులో ఒక భాగస్తుడు అమ్మబోతే మిగతావాళ్ల సంతకాల చుట్టూ తిరగాల్సిందే. పాసుపుస్తకం మీద, సరిహద్దు రాయి మీద ఎవరి పేరు, ఎవరి బొమ్మ ఉండాలన్న రాజకీయ రచ్చలో ఈ అసలు సంగతి సగం మరుగున పడింది. ఆ రచ్చలోనే నలిగిన భూ హక్కుల (ల్యాండ్ టైటిలింగ్) చట్టం 2024లో రద్దయింది. రీసర్వేను కొత్త ప్రభుత్వం కొన్నాళ్లు ఆపి, 2025లో చిన్న చిన్న బ్లాకులుగా విడగొట్టి మళ్లీ సాగించింది. ఒక్కసారి ఊరంతా కొలిచేయడం కన్నా ఇది మేలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. గట్టు తగాదా తీరడానికి కావలసింది వేగం కాదు, ఇద్దరు పొరుగువాళ్లు ఒకే పూట పొలంలో ఉండడం.

కాగితమే నమ్మకమనేవాళ్లకు 2024 జులై 21 రాత్రి గుర్తుండాలి. అంతకు రెండేళ్ల ముందు దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లెలో సబ్‌కలెక్టర్ కార్యాలయానికి నిప్పంటుకుని భూముల ఫైళ్లు కాలిపోయాయి. రిజిస్ట్రేషన్లు నిషేధించిన 22-ఏ జాబితా భూముల చుట్టూ అనుమానాలు కమ్ముకున్నాయి. ప్రతి కాగితానికీ వేరే చోట నకలు, ప్రతి మార్పుకూ ఎవరు ఎప్పుడు చేశారన్న జాడ ఉంటే ఒక గదిలో మంట ఒక ప్రాంతపు హక్కులను ప్రశ్నార్థకం చేయలేదు. డిజిటల్ రికార్డు వల్ల కలిగే మొదటి మేలు అదే. అందమైన రంగులు ఆ తర్వాతి సంగతి.

బోరు, రంగు, చట్టం

భూగర్భ జలాల పటంలో రంగు ఒక ఉత్తర్వు. ఏటా భూమిలోకి ఇంకే నీటిలో ఎంత శాతాన్ని తోడుతున్నారో లెక్కగట్టి, 70 శాతం లోపు ఉంటే సురక్షితం, 90 దాకా కొంత సంకటం, 100 దాకా సంకటం, 100 దాటితే మితిమీరిన వాడకం అని వర్గాలుగా విడగొడతారు. 2002 నాటి వాల్టా చట్టం కింద మితిమీరి వాడుతున్న గ్రామాలుగా ప్రకటిస్తే అక్కడ కొత్త బోరుకు అడ్డు పడుతుంది. 99 శాతానికీ 101 శాతానికీ నేలలో ఏ తేడా ఉండదు. పటంలో రంగు మారుతుంది, రైతు అర్జీకి జవాబు మారుతుంది.

లెక్కకు ఆధారం పీజోమీటర్లు, అంటే నీటిమట్టాన్ని చూడటానికే తవ్విన గొట్టపు బావులు. రాష్ట్రంలో ఇవి వెయ్యికి పైగా ఉన్నాయి. వాటిలోని పరికరాలు తమంతట తామే మట్టాన్ని పంపుతాయి, జల వనరుల సమాచార వ్యవస్థ ఆ అంకెలను పటంగా మారుస్తుంది. బావికీ బావికీ మధ్య కొలత లేని చోట కంప్యూటర్ ఊహిస్తుంది. దగ్గరి బావులకు ఎక్కువ విలువ, దూరపు బావులకు తక్కువ విలువ ఇచ్చి నడుమ అంకెను పూరిస్తుంది. ఫలితంగా నునుపైన రంగుల తివాచీ లాంటి పటం వస్తుంది. గోదావరి డెల్టా ఒండ్రు నేలలో ఈ ఊహ చాలావరకు నిలుస్తుంది. పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు నేల కింద ఉండేది రాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలో మాత్రమే ఉంటాయి. ఒక చేనులో రెండంగుళాల నీళ్లు పడతాయి, గట్టు దాటి ఇరవై గజాల్లో వెయ్యి అడుగులు దింపినా దుమ్మే లేస్తుంది. ఈ సంగతి పడమటి మండలాల్లో ఎవరిని అడిగినా చెబుతారు. కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని నీళ్లు చూసేవాడికి ఇంకా గిరాకీ ఉండడానికి కారణం మూఢనమ్మకం ఒక్కటే కాదు. నునుపు పటం తన చేను గురించి ఏమీ చెప్పడం లేదని రైతుకు తెలుసు.

ఏ నెల పటమన్నదీ చూడాలి. మే నెల పటం ఎర్రగా ఉంటే నవంబరుది నీలంగా ఉండొచ్చు. 2020 నవంబరులో నివర్ తుపాను, ఆ మరుసటి ఏడాది నవంబరు వానలు కలిసి ఏళ్ల తరబడి ఎండిన బావులను నింపేశాయి. ఆ రెండేళ్ల పటాలు చూసి కరవు తీరిందనుకుంటే పొరపాటు. ఒక్క వానకాలపు పటంతో బోర్ల మీద ఆంక్ష ఎత్తేయడం కూడా పొరపాటే. పది పన్నెండేళ్ల పటాలను వరసగా పేర్చి చూస్తే ఎక్కడ నీరు తిరిగి వస్తోందో, ఎక్కడ రావడం లేదో తేలుతుంది. భూగర్భ జలశాఖ దగ్గర ఆ వరస ఉంది. దాన్ని ఊరి భాషలో, ఊరి గోడ మీద అంటించడం జరగాల్సి ఉంది.

గుంటల మీద ఊరు

తిరుపతిలో కొర్లగుంట, కొరమేనుగుంట, తాతయ్యగుంట, గొల్లవానిగుంట అనే పేటలున్నాయి. గుంట అంటే ఏమిటో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. కొండ మీద పడిన వాన కపిలతీర్థం నుంచి, మాల్వాడిగుండం నుంచి దూకి, వంకల వెంట గుంటలు నింపుకుంటూ, చెరువుల్లో ఆగుతూ స్వర్ణముఖికి చేరడం ఈ నేల వాలు. యాత్రికుల ఊరు పెరిగే కొద్దీ గుంటలు పేటలయ్యాయి, వంకలు కాలువలయ్యాయి, కాలువలు సిమెంటు మూతల కింద మురుగు దారులయ్యాయి.

2021 అక్టోబరులో వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నిలిచిన వాననీటిలో వాహనం చిక్కుకుని ఒక యువతి చనిపోయింది. నెల తిరక్కుండానే, నవంబరు 18, 19 తేదీల్లో కుండపోత. లక్ష్మీపురం, ఆటోనగర్, గాయత్రీనగర్ వంటి చోట్ల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. శ్రీవారిమెట్టు నడకదారి కొట్టుకుపోయి, మళ్లీ తెరవడానికి 2022 మే దాకా పట్టింది. స్వర్ణముఖి పొంగింది. కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట నవంబరు 19న తెగి ఊళ్లను ముంచింది. ఆ వార్త చెవిలో మోగుతుండగానే రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు గండి పడేలా ఉందన్న కబురు. దిగువ ఊళ్ల జనాన్ని ఖాళీ చేయించారు. ఇసుక బస్తాలతో కట్టను నిలబెట్టారు. కట్ట నిలిచింది.

అలాంటి వేళ కావలసిన పటం పేరు ముంపు పటం. చెరువు నీటిమట్టం, కట్ట ఎత్తు, గండి వెడల్పు ఊహించి, నేల వాలు వెంట నీటిని కంప్యూటర్లో వదిలి, ఏ ఊరికి ఎన్ని నిమిషాల్లో ఎంత లోతు వస్తుందో చూపే బొమ్మ. దీనికి ప్రాణం ఎత్తుల కొలత. ఎవరికైనా ఊరికే దొరికే ఎత్తు పటాల్లో 30 మీటర్లకు ఒక అంకె ఉంటుంది, ఆ అంకెలోనూ కొన్ని మీటర్ల తప్పు ఉండొచ్చు. కొండను చూపడానికి అది చాలు. నాలుగైదు మీటర్ల ఎత్తు, బండి బాట అంత వెడల్పు ఉన్న చెరువు కట్ట ఆ పటంలో చాలాసార్లు అసలు ఉండనే ఉండదు. కట్టే లేని పటంలో గండి ఎక్కడ పెడతారు? రీసర్వే డ్రోన్లు ఊరూరా తీసిన ఫొటోల నుంచి ఇంతకన్నా ఎన్నో రెట్లు మెరుగైన ఎత్తులు లెక్కగట్టవచ్చు. ఒక శాఖ తీయించిన ఫొటో ఇంకో శాఖకు అందితే జరిగే పని అది.

చట్టంలోనూ ఒక కంత ఉంది. ఆ వరదలు తగ్గిన కొద్ది రోజులకే, 2021 డిసెంబరులో, పార్లమెంటు ఆనకట్టల భద్రతా చట్టాన్ని ఆమోదించింది. అత్యవసర కార్యాచరణ ప్రణాళిక తప్పనిసరి చేసింది. కానీ అది ముఖ్యంగా 15 మీటర్లు దాటిన కట్టలకు, కొన్ని షరతుల మీద 10 మీటర్లు దాటిన వాటికి. గొలుసుకట్టుగా, ఒకటి తెగితే కింది దానిని తెంపే వేల చిన్న చెరువులున్న జిల్లాలకు ఆ కొలబద్ద సరిపోదు. రాయలసీమ చెరువు ఎత్తులో చిన్నది, దిగువ జనం లెక్కలో కాదు. జిల్లా యంత్రాంగం చట్టం అడగకపోయినా ప్రతి గొలుసుకూ ఒక ముంపు పటం గీయించి పంచాయతీలో వేలాడదీయడం నయం.

పాత ఎఫ్‌ఎంబీని స్కాన్ చేసి, మూలల రాళ్ల ఆధారంగా ఉపగ్రహ చిత్రం మీద పరచడం కష్టమైన విద్య కాదు. అలా పరిస్తే చెరువు పోరంబోకు ఎంత, మొరవ నుంచి బయల్దేరిన వంక ఇప్పుడు ఎవరి ఇంటి కింద ఉంది, కొత్త రోడ్డుకు తూములు ఎక్కడ మరిచారు అన్నవి ఒక మధ్యాహ్నంలో తేలుతాయి. తేల్చాక ఏం చేయాలన్నదే కష్టం. ఆ గీత లోపల డబ్బున్నవాడి కల్యాణ మండపమూ ఉంటుంది, కూలివాడి రెండు గదుల ఇల్లూ ఉంటుంది. పటం రెంటికీ ఒకే రంగు వేస్తుంది. నోటీసు ఎవరికి ముందు వెళుతుందో చూస్తే ఆ పటాన్ని ఎవరు వాడుతున్నారో తెలుస్తుంది.

కొండ, అడవి, గుంపు

శేషాచలం అడవుల్లో వేసవి మంటలను అమెరికా ఉపగ్రహాల పరికరాలు పట్టి ఇస్తాయి. వేడి చుక్కల సమాచారం భారత అటవీ సర్వే సంస్థ ద్వారా బీటు సిబ్బంది ఫోన్లకు చేరుతుంది. ఆ పరికరాల్లో ఒకదానికి నేల మీద ఒక చుక్క కిలోమీటరు వెడల్పు, రెండో దానికి 375 మీటర్లు. అంటే సందేశం వచ్చాక కూడా నిప్పు వెతుక్కోవాలి. 2014 మార్చిలో తిరుమల కొండల మంటలను ఆర్పడానికి వైమానిక దళ హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది.

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత అటవీశాఖ కెమెరాలు పెట్టి, చిరుతలు తిరిగే చోట్లు గుర్తించి, బోనులు పెట్టింది. తిరుమల తిరుపతి దేవస్థానం పదిహేనేళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక ఆ దారిన అనుమతించబోమంది. ఎక్కడ, ఎప్పుడు అన్న రెండు వివరాలు ఒక దగ్గర పెడితే వచ్చిన నిర్ణయమిది. 2025 సెప్టెంబరులో తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ప్రారంభించిన కమాండ్ కంట్రోల్ కేంద్రమూ ఆ కోవలోదే. కెమెరాల నుంచి మనుషులను లెక్కించి, రద్దీ ఎక్కువైన చోటును పటం మీద ఎర్రగా చూపుతుంది. అదే ఏడాది జనవరి 8న తిరుపతిలో టోకెన్ల కోసం జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. అది కొండ మీద కాదు, కింద పట్టణంలో జరిగింది. పటం కొండ గీత దగ్గర ఆగిపోతే గుంపు ఆగదు.

ఏనుగుల కథ ఇంకో తీరు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు కుప్పం, పలమనేరు వైపు వచ్చి నిలిచాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం వెలిసింది. పటంలో అభయారణ్యానికి పచ్చ గీత ఉంది, ఏనుగుకు ఆ గీత తెలియదు. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర జాతీయ రహదారిపై వాహనం ఢీకొని మూడు ఏనుగులు చచ్చాయి. పంట నష్టం అర్జీల్లో తేదీ, సర్వే నంబరు రెండూ ఉంటాయి. వాటిని ఏళ్ల తరబడి పటం మీద గుచ్చితే ఏనుగుల బాట దానంతట అదే గీసుకుంటుంది. పరిహారం ఫైలుగా మూసేసే కాగితంలోనే కందకం ఎక్కడ తవ్వాలో, రాత్రి వేగ పరిమితి ఎక్కడ పెట్టాలో చెప్పే సమాచారం ఉంది.

గీత మారితే లెక్క మారుతుంది

2011 జనగణనలో చిత్తూరు జిల్లా జనాభా 41,74,064. మండలాలు 66. 2022లో ఆ జిల్లా మూడు ముక్కలైంది. మదనపల్లె, పీలేరు వైపు అన్నమయ్య జిల్లాలోకి, తిరుపతి వైపు కొత్త జిల్లాలోకి పోయాయి. గూడూరు, వెంకటగిరి, సూళ్లూరుపేట నెల్లూరు నుంచి వచ్చి తిరుపతి జిల్లాలో కలిశాయి. దాంతో "చిత్తూరు జిల్లాలో వర్షపాతం పెరిగిందా, మామిడి సాగు తగ్గిందా" అనే ప్రశ్నకు 2022 ముందు, తర్వాత అంకెలను పక్కపక్కన పెట్టడం కుదరదు. తీరం, ఉప్పు కయ్యలు, పులికాట్ సరస్సు ఉన్న తిరుపతి జిల్లా సగటు వానను గుట్టల మీది పాకాలకు ఆపాదిస్తే నవ్వులపాలవుతాం. జిల్లా గీతను పక్కన పెట్టి మండలాన్ని ప్రమాణంగా పట్టుకుంటే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. పటాస్కర్ ఊరిని పట్టుకున్నట్టే.

ఇంకో లోటు జనగణనది. 2021లో జరగాల్సింది జరగలేదు, కొత్త లెక్కకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. అందాకా ఆసుపత్రి ఎక్కడ, బడి ఎక్కడ అని చూపే ఏ పటమైనా పాత జనాభా మీదే నిలబడి ఉంటుంది. ఈ మధ్యలో తిరుపతి చుట్టూ పెరిగిన కాలనీలు ఆ పటాల్లో ఇంకా బీడు భూములే. 2020 వేసవిలో శ్రీకాళహస్తి వీధులను కంటైన్‌మెంట్ జోన్లుగా గీసినప్పుడు కూడా లోపల ఎందరున్నారన్నదానికి తొమ్మిదేళ్ల నాటి లెక్కే దిక్కయింది.

పేర్లు, పౌరులు

2021 ఫిబ్రవరి 15న కేంద్రం పటాల మీది అనుమతుల కట్లు చాలావరకు విప్పింది. 2022 డిసెంబరులో జాతీయ భూస్థానిక విధానం ప్రకటించింది. అంతకు చాలా ముందే జనం తమ ఊళ్లను తామే పటం ఎక్కించిన ఉదంతం ఒకటుంది. అందులో ప్రధాన పాత్ర ఒక తెలుగువాడిది. లలితేష్ కాట్రగడ్డ గూగుల్‌లో మొదలుపెట్టిన మ్యాప్ మేకర్ 2008లో వచ్చి, 2017లో మూతపడే దాకా ఎవరికి తెలిసిన వీధిని వాళ్లు గీసే వీలు ఇచ్చింది. ఇప్పుడు ఆ పని ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో చేయవచ్చు.

అందరి పటాల్లోనూ ఉన్న ఒక చిన్న తప్పు తెలుగువాళ్లకే కనిపిస్తుంది. ఊరి పేరు తెలుగు నుంచి ఇంగ్లిషుకు వెళ్లి, మళ్లీ యంత్రం చేతుల మీదుగా తెలుగుకు వస్తుంది. ఇంగ్లిషులో ద, డ లకు ఒకటే అక్షరం, దీర్ఘానికి గుర్తు లేదు. గాదంకి అలా తిరిగి వచ్చేసరికి గడంకి కావచ్చు. అంబులెన్సు డ్రైవరుకు ఫోన్లో ఊరి పేరు చెప్పే అవ్వకు, ఆ పేరును తెరలో వెతికే మనిషికి మధ్య ఈ ఒక్క అక్షరం ఎంత దూరమో పల్లెల్లో పనిచేసేవాళ్లకు తెలుసు. ఊరి పేర్ల అసలు తెలుగు రూపాలు రెవెన్యూ రికార్డుల్లో భద్రంగా ఉన్నాయి. పటాలకు వాటిని ఎక్కించడం డబ్బు ఖర్చు లేని సంస్కరణ.

రీసర్వే బృందం మీ ఊరికి వచ్చినప్పుడు ముసాయిదా పటాన్ని గ్రామసభలో ప్రదర్శిస్తారు, అభ్యంతరానికి గడువిస్తారు. ఆ రోజు మీ పొలం ఒక్కటే చూసుకుని రాకండి. చెరువు మొరవ, అక్కడి నుంచి కిందికి దిగే వంక పటంలో ఉన్నాయో లేదో కూడా వెతకండి. లేకపోతే పాత ఎఫ్‌ఎంబీ నకలు జతచేసి అర్జీ రాసివ్వండి, రసీదు మరచిపోవద్దు.